అయిదో వరస మీద నాలుగు చదరాలు

నమోదు 214. సోమవారం.

తెల్లవారగానే తడిగుడ్డతో కచేరీ యంత్రం తెర తుడిచాను. రోజూ చేసే మొదటి పని అదే. ఒక్క రాత్రిలో గాజు మీద ఉప్పు పేరుకుంటుంది. తుడిచాక కూడా కింద కుడి మూలన నాలుగు నీలం చదరాలు మిగిలాయి. ఒక్కోటీ బొటనవేలి గోరంత. నిన్న లేవు. మళ్ళీ తుడిచాను. ఉన్నాయి.

ఇది ఎడమ పేజీ. చూసింది ఎడమ పేజీలో, అనుకున్నది కుడి పేజీలో రాయాలని కాన్వెంటులో సైన్సు చెప్పిన సిస్టర్ క్లోటిల్డా అలవాటు చేసింది. కుడి పేజీలో ఒక్క వాక్యమే రాశాను: ఉప్పునీరు చదరంగా తినదు.

తెర మీద తెలుపు గట్టి నేల. నీలం అంటే మా కాళ్ళ కింద ఉప్పు పొర పలచబడి నీళ్ళు పైకి దగ్గరైన చోటు, గుంట. చదరాలు పడ్డది సరిగ్గా అయిదో వరస మీద. అక్కడ ముప్పై ఎనిమిది ఇళ్ళున్నాయి.

ఆరింటికి పానకాలు గారు వచ్చారు. నేల కచేరీలో ఆయన పెద్ద గీతకారు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని, తెర మీద పల్చటి కాగితం పరిచి, నీలంగా కనిపించిన ప్రతిచోటి చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీస్తారు. ఆ కాగితమే ఊరికి చట్టం. పదకొండేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు. గది అద్దపు గోడ అవతల నిలబడి ఎవరైనా చూడొచ్చు. ఈ మధ్య ఎవరూ రావడం లేదు.

పని ఉంటే తప్ప నేను ఆయనతో మాట్లాడను. ఎవరితోనూ మాట్లాడను. మాట్లాడిన పిల్లని బెంచీ ఎక్కించే బడిలో పదేళ్ళు చదివి, ఒక్కసారి కూడా బెంచీ ఎక్కకుండా బయటికొచ్చినదాన్ని. ఇవాళ మాత్రం గొంతు సవరించుకుని, గుంటలకి మూలలు ఉండవు కదండీ అన్నాను.

"తెర మీద ఉందా లేదా?" అన్నారు, పెన్సిలు ఎత్తకుండానే.

"ఉందండి."

"ఉన్నది గీస్తాం."

గీశారు.

నమోదు 215. మంగళవారం.

నాలుగూ అక్కడే ఉన్నాయి. రెండో గీత పడింది. వరసగా మూడు రోజులు గీస్తే అది చచ్చిన చోటు. అక్కడ మనుషులు ఉండకూడదు.

చేసిన పనులు. తీగ ఊడదీసి బిగించాను, మార్పు లేదు. బడిలో వాడే తీగ తెచ్చి పెట్టాను, లేదు. వైద్యశాల తెరని తోపుడు బండి మీద తెచ్చి తగిలించాను. దాని మీదా అవే నాలుగు, అదే మూలన. కాబట్టి తప్పు తెరదీ కాదు, తీగదీ కాదు.

తర్వాత బొమ్మ తీసి అంకెల పేజీ పెట్టాను. పొర కింద వేలాడదీసిన ఆరువందల నలభై కొలత గొట్టాలు పంపే అంకెలవి. యంత్రం వాటినే బొమ్మగా మారుస్తుంది. అయిదో వరస కింద గొట్టాలన్నీ పొర మందం తొమ్మిది అడుగులనే చెబుతున్నాయి. పోయిన నెలా తొమ్మిదే. ఆ పేజీ మీద కూడా కింద కుడి మూలన నీలం చదరాలు కూర్చుని ఉన్నాయి. పేజీని పైకి జరిపాను. అంకెలు జరిగాయి. చదరాలు జరగలేదు.

కుడి పేజీ: జబ్బు నేలకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి. తెర మీద ఒక్కో చోటికీ కార్డులో ఒక్కో గది ఉంటుంది. కొన్ని గదులు చెడ్డాయి. వాటిలోకి ఏం వచ్చినా నీలంగానే బయటికొస్తోంది.

పానకాలు గారిని పిలిచాను. అంకెల పేజీ అని తెలియగానే మొహం గోడవైపు తిప్పేసుకుని, గోడతోనే మాట్లాడారు. దాన్ని తీసెయ్యమ్మాయ్, నేను చూడకూడదు అన్నారు.

మూడో వరస మునిగిన ఏడు నేను హాస్టల్లో ఉన్నాను. విన్నదే తప్ప చూడలేదు. అప్పటి యంత్రం మనిషి అంకెలు చూసుకుని, తెర తప్పు చూపిస్తోందని, కాగితం మీది గుర్తుని రబ్బరుతో చెరిపేశాడు. నాలుగో రోజు పందొమ్మిది మంది పొరలోకి పోయారు. అందులో పానకాలు గారి అక్క ఉంది. అప్పట్నించీ గీసేవాళ్ళు అంకెలు చూడబోమని ప్రమాణం చేస్తారు. కచేరీలో రబ్బరు ఉండదు. బడిపిల్లలు కచేరీ చూడ్డానికొస్తే రబ్బర్లు గుమ్మం దగ్గర పళ్ళెంలో వేసి లోపలికి రావాలి.

ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. అలాగని చదరాలూ పోలేదు.

నమోదు 216. బుధవారం.

మూడో గీత. కార్యదర్శి జోగారావు గారు పదింటికల్లా కాగితం అతికించారు. వచ్చే బుధవారం మధ్యాహ్నం అయిదో వరస ఈడ్పు. ముప్పై ఎనిమిది ఇళ్ళనీ ఇనప చట్రాలతో సహా ట్రాక్టర్లకి కట్టి ఉత్తరపు మడి మీదికి లాగుతారు.

కొత్త కార్డు కావాలని అడిగాను. పట్నం లారీ నాలుగు నెలలకోసారి వస్తుంది. పోయిన వారమే వచ్చి వెళ్ళింది.

నమోదు 217. గురువారం.

అయిదో వరస మొదటి ఇంటి అంకమ్మ వచ్చింది. ఉప్పు లాగే పలక భుజాన పెట్టుకునే లోపలికొచ్చింది. కచేరీలో అందరూ చూస్తున్నా దాన్ని దించలేదు.

"ఏందిమే, యంత్రం పిల్లవి నువ్వేగా? నా ఇంటి కింద గుంట ఉందంటున్నారు. ఉందా?"

లేదు అన్నాను.

"గట్టిగా చెప్పు. నీ మాట నీ పళ్ళే దాటలా."

"లేదత్తా. గుంట లేదు. యంత్రంలో ఒక ముక్క చెడింది."

ఆమె పలక దించి గోడకి ఆనించింది. నిన్ననే గునపంతో వాకిట్లో మూడడుగులు పొడిచి చూసిందట. రాయిలా ఉందట. ఆ మాట చెబితే, పొరకి చిల్లు పెట్టిన నేరం కింద జోగారావు గారు ఆమె మీద కేసు రాసుకున్నారట. చెబుతూ చెబుతూ తనే నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. ఇల్లు ఎక్కడికి లాగితే అక్కడికి వస్తుంది. ఇంటి వెనక ఉప్పు మడి రాదు. గట్లు కట్టి, అడుగు తొక్కి, పదహారేళ్ళు కూర్చితే అయిన మడి అది. ఉత్తరాన కొత్త మడి ఉప్పు పట్టాలంటే ఎంత లేదన్నా అయిదేళ్ళు. అప్పటిదాకా ముప్పై ఎనిమిది ఇళ్ళు ఏం తినాలి?



"నీకు తెలుసుగదా. మరి చెప్పవేం?"

చెప్పాను, వినలేదన్నాను.

"వినలేదా, వినపడలేదా?" అని పలక భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

నమోదు 218. శుక్రవారం.

యంత్రాన్ని ఆపకుండానే పక్క రేకు విప్పాను. కార్డు మీది పంకా రెక్కల మధ్య ఉప్పు గట్టిపడి పటికబెల్లం పలుకుల్లా ఉంది. మెత్తటి కుంచెతో గంటన్నర దులిపాను. చదరాలు నాలుగు నుంచి రెండయ్యాయి. అరగంట తర్వాత మళ్ళీ నాలుగు. కార్డు మీద వేలు పెట్టి వెంటనే తీసేశాను. బొబ్బ వచ్చింది.

కుడి పేజీ: వేడి. గాలుల కాలమని గది కిటికీల సందులకి మైనం పూశారు. గాలి ఆడక లోపల కుంపటిలా ఉంది. కార్డుని చల్లార్చి, సగం వేగంతో నడిపితే చెడ్డ గదులు కూడా సర్దుకోవచ్చు. దానికి యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఒక గంట ఆపడానికి అనుమతి అడిగాను. మూడో వరస తర్వాత ఈ యంత్రాన్ని ఒక్క నిమిషం కూడా ఆపలేదు, ఆపకూడదని నిబంధన. జోగారావు గారు నా అర్జీ చదవకుండానే వెనక్కిచ్చి, పిల్లలు పుస్తకాలు ఎక్కువ చదివితే ఇలాగే తయారవుతారని పక్క బల్ల ఆయనతో అన్నారు. నాతో అని ఉంటే బాగుండేది.

నమోదు 219. శనివారం.

చదరాలు ఉన్న గదులు చెడ్డాయి సరే, చెడి కూడా నీలంగా కనిపించని గదులు ఉంటే? ఈ ప్రశ్న పొద్దున అన్నం తింటుండగా వచ్చింది. కంచం కడిగి పెట్టి కచేరీకి వెళ్ళాను.

ఆరువందల నలభై అంకెల్నీ గళ్ళ కాగితం మీద చేత్తో దించాను. ఒక్కో గడిలో ఒక్కో అంకె. సాయంత్రం నాలుగయింది. తర్వాత తెర మీది బొమ్మతో గడిగడికీ పోల్చాను. ఆరువందల పన్నెండు సరిపోయాయి. చదరాల కింద ఉన్నవి పదహారు. మిగిలిన పన్నెండు పై అంచున, మధ్యలో. అక్కడ తెర తెల్లగా ఉంది. గొట్టాలు రెండడుగులంటున్నాయి. ఒకటి అడుగున్నర అంటోంది.

ఆ పన్నెండు గడుల చోటు ఉత్తరపు మడి.

కుడి పేజీ ఖాళీగా వదిలేశాను. కొంతసేపటికి రాశాను: ఒక చోట లేని గుంట చూపిస్తోంది. ఇంకో చోట ఉన్న గుంట దాస్తోంది. బుధవారం ముప్పై ఎనిమిది ఇళ్ళని, ఇళ్ళలో నూట అరవై మందిని, గట్టి నేల మీంచి తీసుకెళ్ళి రెండడుగుల పొర మీద పెడతారు.

అక్కడ గునపం వేసి చూడ్డానికి కూడా లేదు. అంత పలచటి పొరకి చిల్లు పడితే పగులు ఎంతదూరం పాకుతుందో ఎవరికీ తెలియదు.

నమోదు 220. ఆదివారం.

ప్రార్థన అయ్యాక పానకాలు గారి ఇంటికి వెళ్ళాను. కచేరీ పక్క వరసలో రెండో ఇల్లు. ఆయన గడప మీద కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతున్నారు. గళ్ళ కాగితాన్ని మడిచే ఉంచాను. చూడక్కర్లేదు, వినండి చాలు అని మొత్తం చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు చెప్పడం అదే మొదలు. మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. ఆయన తొందరపెట్టలేదు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు," అన్నారు చివరికి. "కాదని నేననను. ఆరోజు ఆ యంత్రం మనిషీ ఇలాగే మడిచిన కాగితం తెచ్చాడు. మంచివాడు. అబద్ధం ఆడే మనిషి కాదు. నేనే నమ్మాను. రబ్బరు నా పెట్టెలోంచే తీసిచ్చాను."

ఇది నాకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదనుకుంటాను.

"అందుకని ఇప్పుడు నూట అరవై మందిని పంపిస్తారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన కత్తి పక్కన పెట్టారు. తెర మీద నేను చూడగలిగేది ఏదైనా ఉంటే చూపించు అన్నారు. అంకెలు వద్దు. తెర.

ఇంటికొచ్చి కచేరీ నిబంధనల పుస్తకం తీసి మొదట్నించీ చదివాను. అయ్యాక మళ్ళీ చదివాను. చదవడం ఒక్కటే నాకు చేతనైన పని, ఎగతాళి చేసేవాళ్ళకి నా మీద ఉన్న ఫిర్యాదు కూడా అదే. రెండు సంగతులు దొరికాయి.

మొదటిది. తెర మీద కనిపించినది గీయాలని ఉంది. ఉత్తరం పైకే ఉండాలని ఎక్కడా లేదు.

రెండోది, ముప్పై ఒకటో నిబంధన. కచేరీయే చచ్చిన చోట పడితే కచేరీని కదిలించాలి. కొలతలన్నీ కచేరీ గడప నుంచే మొదలవుతాయి కాబట్టి, కచేరీ కదిలిన నాడు పాత కాగితాలు కట్టగట్టి సీలు వేసి కొత్త పుస్తకం మొదలుపెట్టాలి.

మా బొమ్మలో కచేరీ ఎడమ పై మూలన ఉంటుంది. చదరాలున్నది కుడి కింద మూలన.

అంకమ్మత్త ఇంటికి వెళ్ళి, రేపు ఆరింటికి మీ వరసలో వాళ్ళందర్నీ అద్దం దగ్గరికి తీసుకురమ్మన్నాను. ఎందుకని అడగలేదు. "తింటానికేమన్నా తెచ్చుకోవాల్నా?" అని మాత్రం అడిగింది.

నమోదు 221. సోమవారం.

అయిదున్నరకి బొమ్మని తలకిందులు చేశాను. ఎడమది కుడికి, పైది కిందికి. దీనికి ఎవరి అనుమతీ అడగలేదు. చేసింది నేనే. పేరు రాహేలు.

అద్దం అవతల ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిపి యాభై మంది దాకా ఉన్నారు. పానకాలు గారు వాళ్ళని చూసి ఒక క్షణం ఆగి, చేతులు కడుక్కుని లోపలికొచ్చారు. కాగితం పరిచారు. పిన్నులు పెట్టారు. అప్పుడు చూశారు.

ఊరంతా తిరగబడి ఉంది. అయిదో వరస ఎడమ పైన, తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. నాలుగు నీలం చదరాలూ నిన్న ఎక్కడున్నాయో అక్కడే, కుడి కింద ఉన్నాయి. ఇప్పుడు వాటి కింద ఉన్నది కచేరీ, దాని పక్క వరస. కింది అంచున, మధ్యలో, నిన్నటిదాకా లేని పెద్ద నీలం మచ్చ ఒకటి. పెనం మీద పోసిన అట్టులా అంచులు వంకరటింకరగా ఉంది. అది ఉత్తరపు మడి.

"ఏంటమ్మాయ్ ఇది?"

"బొమ్మ తిప్పానండి. నేల తిప్పలేదు."

"ఇవి కచేరీ మీదున్నాయి. మా ఇంటి మీదున్నాయి."

"తెర మీద ఉన్నాయండి," అన్నాను. "ఉన్నది గీస్తాం."

అద్దం అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో వాళ్ళ నోరు మూయించారు. పానకాలు గారు చాలాసేపు పెన్సిలు గాల్లోనే పట్టుకున్నారు. తర్వాత గీశారు. కచేరీ చుట్టూ గీశారు, తన ఇంటి చుట్టూ గీశారు, కింద అట్టు చుట్టూ వంకరలు ఒక్కటి కూడా వదలకుండా గీశారు.

అయ్యాక వెళ్ళిపోతారనుకున్నాను. అలమర దగ్గరికెళ్ళి నిన్నటి కాగితం తీసి, ఇవాళ్టి కాగితంతో కలిపి కిటికీ వెలుతురుకి ఎదురుగా గాజుకి ఆనించారు. రెండు కాగితాల్లోనూ మిగతా గీతలన్నీ ఒకదానికొకటి అడ్డంగా, చిక్కుపడ్డ దారంలా ఉన్నాయి. నాలుగు చదరాలు మాత్రం నాలుగు చదరాల మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. అద్దం అవతల వాళ్ళకి కూడా కనిపించింది. అంకమ్మత్త గొంతు అద్దంలోంచి వినపడింది: ఊరంతా పల్టీ కొట్టినా అవి మటుకు కుర్చీ దిగలేదని.

పానకాలు గారు కాగితాలు దించారు. నాకొక్కదానికే వినపడేలా, "రబ్బరు ముట్టను నేను," అన్నారు.

"ముట్టొద్దండి. రేపూ ఎల్లుండీ కూడా ఇలాగే గీయండి. ముప్పై ఒకటో నిబంధన ఉంది."

ఆయన నిబంధనలన్నీ కంఠతా వచ్చిన మనిషి. నా వైపు చూసి, కాగితం మీద సోమవారం ముద్ర వేశారు.

నమోదు 222. మంగళవారం.

రెండో గీత పడింది.

తొమ్మిదింటికి జోగారావు గారు పిలిచారు. బొమ్మని వెంటనే మామూలుగా పెట్టమన్నారు. పెట్టనన్నాను. నిలబడే అన్నాను, కూర్చోమనలేదు కాబట్టి. ఉత్తరపు మడి మీద ఉన్నది నిజమైన గుంట, ఈడ్పు ఆపమన్నాను. ఇరవై మూడేళ్ళ పిల్లవి, ఎవర్ని చూసుకుని ఈ పొగరు అన్నారు. తెరని చూసుకుని అన్నాను. అది నిజమే.

తాళంచెవి తీసుకున్నారు. ఉద్యోగం తీసేస్తున్నానని, వచ్చే లారీలో పట్నం పంపించేస్తానని చెప్పారు.  ఆ మాట ఎడమ పేజీలో రాస్తున్నాను, నేను అనుకున్నది కాదు కాబట్టి.

బొమ్మ తిప్పడం ఎవరికైనా వస్తే తిప్పమనండి అని చెప్పి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

పదకొండింటికి మళ్ళీ పిలిచారు. ఆయన స్వయంగా మీటలు నొక్కి బొమ్మ పోగొట్టుకున్నారు. తెర నిండా అంకెలు. పానకాలు గారు గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో, మెడ పట్టేసిందమ్మాయ్, తొందరగా కానీ అన్నారు.

బొమ్మ తిరిగి తెచ్చాను. తలకిందులుగానే తెచ్చాను. జోగారావు గారు నన్నూ తెరనీ మార్చి మార్చి చూసి, తాళంచెవి మాత్రం తన జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోయారు.

నమోదు 223. బుధవారం.

తాళంచెవి లేదు కాబట్టి అద్దం అవతల, అయిదో వరస వాళ్ళ మధ్య నిలబడ్డాను. ఎవరో నా చేతిలో పల్లీలు పోశారు. అవతల రోడ్డు మీద ఆరు ట్రాక్టర్లు గొలుసులతో సిద్ధంగా ఉన్నాయి.

ఆరింటికి పానకాలు గారు వచ్చేసరికి జోగారావు గారు తెరకి అడ్డంగా నిలబడి ఉన్నారు. యంత్రం పాడైందని నువ్వే చూశావు కదా పానకాలూ, పాడైన తెర మీద గీయడమేంటి, ఇవాళ మానెయ్ అన్నారు. అద్దం ఇవతల అందరికీ వినపడింది. యంత్రం పాడైందన్న మాట కచేరీ నోటి వెంట రావడం అదే మొదలు.

పానకాలు గారు చేతులు తుడుచుకున్నారు.

"పాడైన తెర మీద గీసే అయిదో వరసని చంపాను. అప్పుడు మానెయ్యమనలేదు మీరు. మా అక్క పోయిన మర్నాడు కూడా గీశాను జోగారావు గారూ. పక్కకి జరగండి, వెలుతురు అడ్డం."

జరిగారు.

మూడో గీత పడింది. పానకాలు గారు ముద్ర వేసి, బయటికొచ్చి, మెట్ల మీద నిలబడి పైకి చదివారు. చచ్చిన చోట్లు రెండు. ఒకటి ఉత్తరపు మడి. రెండోది కచేరీ, కచేరీ వరస. ముప్పై ఒకటో నిబంధన ప్రకారం కచేరీ కదలాలి. పాత కాగితాలకి సీలు పడుతుంది. ఈ క్షణం నుంచి ఏ ఇంటి మీదా ఏ గీతా లేదు.

 అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ముందు అర్థమైంది ట్రాక్టర్ల వాళ్ళకి. గొలుసులు ఎత్తుకుని కచేరీ చట్రం వైపు నడిచారు.

కదిలించాలంటే యంత్రం ఆపాలి. జోగారావు గారు జేబులోంచి తాళంచెవి తీసి, నాకివ్వకుండా బల్ల మీద పెట్టారు. తీసుకున్నాను. మీట దించాను. పంకా తిరిగి తిరిగి ఆగింది. ఆ చప్పుడు లేకుండా కచేరీని ఎవరూ వినలేదు పదకొండేళ్ళుగా. గుమాస్తాలు బల్లల మీంచి తలలెత్తి చూశారు.

కచేరీని ఎక్కడికి లాగాలన్నది తర్వాతి ప్రశ్న. కాగితాలన్నీ మూటలో ఉన్నాయి. చూసి చెప్పడానికి గీత లేదు. 

"మా వరస చివర మూడిళ్ళ చోటుంది," అంది అంకమ్మత్త.

అక్కడ గుంట ఉందేమోనని జోగారావు గారు అన్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది.

"ఉంటే మా కోసం తవ్వి పెట్టిందేగా, నువ్వూ రా. పోతే అందరం ఒకేసారి పోదాం, కాగితం రాసే పని కూడా తప్పుద్ది."

నేను పానకాలు గారి మొహం చూశాను. తొమ్మిది అడుగులన్నది నేను చెప్పిన అంకె. ఆయన చూడని అంకె. మడిచిన కాగితంలోనే ఉండిపోయిన అంకె. నేను తప్పయితే ఇవాళ మళ్ళీ ఒక వరస పోతుంది, ఈసారి ఆయన కూడా అందులోనే ఉంటారు.

ఆయన పెన్సిళ్ళ పెట్టె చంకన పెట్టుకుని ఖాళీ అయిన కచేరీలోకి వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

"నేను లోపలే ఉంటాను. లాగండి."

నేనూ వెళ్ళి యంత్రం పక్కన కింద కూర్చున్నాను, అది ఒరగకుండా రెండు చేతులతో పట్టుకుని. ఈడ్పు గంటంబావు పట్టింది. అయిదో వరస మలుపు దగ్గర చట్రం కింద పొర ఒకసారి కిర్రుమంది. పానకాలు గారు కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కిటికీలోంచి తెల్లటి నేల, గట్ల మధ్య ఎండుతున్న ఉప్పు, ట్రాక్టరు వెంట నడుస్తున్న జనం కనిపించారు. చట్రం ఆగింది. నేల అలాగే ఉంది.

నమోదు 224. గురువారం.

నిన్న సాయంత్రం దాకా కార్డుని బయటపెట్టి చల్లార్చాను. దులిపాను. కిటికీల మైనం గీకేసి గాలి రానిచ్చాను. సగం వేగంతో మొదలుపెట్టాను. బొమ్మ పూర్తవడానికి ముందు రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పదకొండు పడుతోంది. చదరాలు లేవు. కొత్త కార్డు వచ్చేదాకా ఇలా నడుస్తుంది. నడవకపోతే మళ్ళీ విప్పుతాను.

అయిదో వరస తెల్లగా ఉంది. కచేరీ వరస ఇళ్ళూ తెల్లగానే ఉన్నాయి. ఉత్తరపు మడి నీలంగా ఉంది. నిన్నటికంటే అంగుళం పెరిగింది.

పానకాలు గారు ఆరింటికి వచ్చారు. అద్దం బయట పాతికమంది ఉన్నారు, చూడ్డం అలవాటైనట్టుంది. కొత్త పుస్తకం మొదటి కాగితం పరిచి, ఏ వైపు పైకి పెట్టమంటావు అని నన్నడిగారు. హాస్యానికి కాదు. నిజంగానే అడిగారు.

రెండు వైపులా గీయండన్నాను. ఒకసారి మామూలుగా, ఒకసారి తలకిందులుగా. కాగితం తిప్పి చూస్తే రెండింట్లో నేల మీద ఒకే చోట ఉన్నదే గుంట. తెరతో పాటు నిలిచిపోయింది గుంట కాదు. ఇది నిబంధనల్లో లేదు, చేర్చాలని రాసి జోగారావు గారికి పంపాను.

పది దాటాక ఆయన దగ్గర్నుంచి కవరు వచ్చింది. నా అర్జీకి జవాబు కాదు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసిన ఉత్తర్వు, నిన్నటి తేదీతో. అందుకున్నట్టు సంతకం చేసిచ్చాను. ఉత్తర్వు మొత్తం చదివాను. రెండు తప్పులున్నాయి, ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని చుట్టూ గీశాను. తర్వాత మధ్యాహ్నపు బొమ్మ మొదలుపెట్టాను. పదకొండు నిమిషాలు పడుతుంది కాబట్టి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.